నూరో ఆట: పదో వరుసలోని పేరు

మొదటి వారం నుంచీ మనతోనే ఉన్నవాళ్లు ఈ నాలుగు ముక్కలూ దాటుకుని ముందుకు పోవచ్చు. ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్లు మాత్రం కాస్త ఆగాలి. లేకపోతే హిల్కా ఎందుకు వణికిపోతోందో అర్థం కాదు.

వార్కౌస్ ఊళ్లో మూతబడిన కాగితపు మిల్లులో ఇప్పుడు పాత కంప్యూటర్ ఆటలు దాస్తున్నారు. ఫిన్లాండ్ నలుమూలల నుంచీ, అటకల మీద నుంచీ, కార్ల షెడ్లలోంచీ, కన్నుమూసిన మేనమామల అలమారాల్లోంచీ నాలుగు వేల ఆటలు వచ్చి పడ్డాయి. అన్నీ ఉంచలేరు. నూరింటిని ఏరి, కొండ తొలిచి కట్టిన చల్లటి గదిలో పెడతారు. ముందు తరాలవాళ్లు ఆడుకోవడానికి వాటిని మాత్రం ఎప్పటికప్పుడు కొత్త యంత్రాల మీదికి ఎక్కిస్తూ బతికిస్తారు. మిగిలినవి ఇచ్చినవాళ్లకే తిరిగి వెళ్తాయి. తిరిగి వెళ్లినవి ఏమవుతాయో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

తొంభై తొమ్మిది తేలాయి. నూరో చోటికి రెండు ఆటలు పోటీ పడ్డాయి. ఒకటి, ఒకప్పుడు దేశంలో ప్రతి దుకాణంలోనూ అమ్ముడుపోయిన అంతరిక్ష యుద్ధం. రెండోది 'మంచుబండి ముసలమ్మ'. అందులో ఒక ముసలమ్మ కాలితో తోసుకుంటూ పోయే మంచుబండి ఎక్కి, దుప్పులను తప్పించుకుంటూ ఇంటింటికీ కాఫీ పొడి చేరవేస్తుంది. పదహారేళ్ల కుర్రాళ్లు ఇద్దరు ఒక చలికాలంలో తయారుచేసుకున్న ఆట అది. ప్రపంచం మొత్తానికి దాని ఫ్లాపీ ఒక్కటే ఉంది. ఆ కుర్రాళ్లలో ఒకడు ఇల్మో. 1992 మార్చిలో సరస్సు మీద మంచు విరిగి నీళ్లలో పోయాడు. రెండోవాడు రౌనో. ఇప్పుడు ఆ భాండాగారానికి పెద్ద అతనే. తన ఆట మీద తనే ఓటు వేయకూడదని పక్కకు తప్పుకున్నాడు. ఎంపిక సంఘంలో మిగిలిన నలుగురు సభ్యులూ ఇద్దరిద్దరుగా చీలిపోయారు. దాంతో రెండు ఆటలూ ఆడి చూసి, ఏది ఉండాలో చెప్పే పని హిల్కా నెత్తిన పడింది. ఆమె అక్కడ చేరి ఆరు నెలలైనా కాలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

పోయిన వారం 'మంచుబండి ముసలమ్మ' ఆడి ఓడిపోయిన హిల్కా, తెర మీద తన పేరు చూసుకుని కుర్చీలోంచి లేచి నిలబడింది. అక్కడే ఆపాం.

హిల్కా చేసిన తప్పు ఏమిటో చెప్పాలి. బయటివాళ్లకు అది తప్పులాగే కనిపించదు, పాత యంత్రాల గదిలో పనిచేసేవాళ్లకు మాత్రం అంతకన్నా పెద్ద తప్పు లేదు. పాతకాలపు పెద్ద పల్చటి ఫ్లాపీ పక్కన ఒక గాటు ఉంటుంది. దాని మీద స్టిక్కర్ అంటించి మూసేస్తే, యంత్రం దాన్ని చదవగలదు గానీ దాని మీద రాయలేదు. ఆ తర్వాత వచ్చిన చిన్న గట్టి ఫ్లాపీకి మూలన ఒక చిల్లు, దానికో మీట ఉంటాయి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. చిల్లు తెరిచి ఉంచితేనే రాత ఆగుతుంది, మూస్తే రాయనిస్తుంది. హిల్కా మూడు వారాలుగా అంతరిక్ష యుద్ధం తాలూకు పెద్ద ఫ్లాపీలతోనే కుస్తీ పట్టింది. మూస్తే భద్రం అన్న అలవాటు చేతిలో ఉండిపోయింది. 'మంచుబండి ముసలమ్మ' చిన్న ఫ్లాపీని చేతిలోకి తీసుకుని, ఎంతో జాగ్రత్తగా, ఆ మీటను జరిపి చిల్లు మూసేసింది. ముందు నకలు తీయాలి, ఆ తర్వాతే ఆడాలి అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. నకలు తీసే పరికరం మరమ్మతుకు వెళ్లింది, తీర్పు చెప్పాల్సిన రోజు దగ్గరికొచ్చింది, ఒక్కసారి చూస్తే ఏమవుతుందిలే అనుకుంది.

ఆటలో ముసలమ్మ మూడో దుప్పిని గుద్దుకుని పడిపోయింది. పేరు అడిగితే హిల్కా అలవాటుగా కొట్టేసింది. ఫ్లాపీ గరగరమంది. స్కోర్ల పట్టీ వచ్చింది. పది వరుసల్లో పదో వరుసలో హిల్కా అని ఉంది. అంతకుముందు అక్కడ ఏ పేరు ఉందో అది పోయింది. రాసిన చోట మళ్లీ రాస్తే కింద ఉన్నది పోతుంది, ఎంత పెద్ద నిపుణుడొచ్చినా తిరిగి తేలేడు.

అక్కడ ఏ పేరు ఉండాలో హిల్కాకు తెలుసు. ఆ ఫ్లాపీ తెచ్చి ఇచ్చింది ఇల్మో చెల్లెలు తైమి. ఇస్తూ ఒక్కటే కోరింది. "ఎంచుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం. దాన్ని ఆడించే యంత్రం నా దగ్గర లేదు. స్కోర్లలో పదో స్థానంలో మా అన్నయ్య పేరు ఉందట. తను పోయిన రోజు పొద్దున అమ్మతో చెప్పాడట. దాన్ని ఒక్కసారి చూపించండి చాలు."

ఆమె పదింటికి వస్తోంది. అప్పటికి టైము తొమ్మిదీ పది.

 హిల్కా యంత్రం ఆపేసి, ఫ్లాపీ తీసి, మీటను సరైన వైపుకి జరిపింది. ఇప్పుడు జరిపి ఏం లాభం అని తనను తనే తిట్టుకుంది. పారిపోదామనిపించింది. కోటు తగిలించిన మేకు దాకా వెళ్లింది కూడా. తర్వాత మెట్లెక్కి రౌనో గదికి వెళ్లింది.

రౌనో పలచటి మనిషి, గొంతు పెంచి మాట్లాడడం ఎవరూ వినలేదు. కిటికీ దగ్గర నిలబడి కాఫీ తాగుతున్నాడు. బయట నవంబరు పొద్దు ఇంకా సరిగ్గా తెల్లవారలేదు.

"రౌనో, నేనొక తప్పు చేశాను."

"కాఫీ తాగావా?"

"లేదు."

"ముందు తాగు. తప్పు ఎక్కడికీ పోదు."

"ఇది పోయింది," అంది హిల్కా.  ఆగకుండా అంతా చెప్పేసింది. మీట సంగతి, దుప్పి సంగతి, పేరు సంగతి.

రౌనో కప్పు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"పదోదా?"

"పదోదే."

"కచ్చితంగా పదోదేనా? తొమ్మిదో, ఎనిమిదో కాదుగా?"

"కాదు. అడుగున ఉన్నదే. ఇల్మోది."

రౌనో కళ్లు మూసుకున్నాడు. పొడుగ్గా ఊపిరి వదిలాడు. కోపం అణుచుకుంటున్నాడని హిల్కా అనుకుంది. అరిచినా బాగుండేది.

"సరే," అన్నాడు చివరికి. "ఆ ఫ్లాపీ చదవడానికి రాలేదని రాసెయ్. నూరో చోటు అంతరిక్షానికి ఇచ్చేద్దాం."

"మరి తైమికి?"

"అదే చెప్పు. బూజు పట్టిందని చెప్పు. మనకొచ్చే ఫ్లాపీల్లో సగానికి బూజే కదా, ఎవరు అనుమానిస్తారు?"

"కానీ బూజు పట్టలేదు కదా! ఆట బ్రహ్మాండంగా నడుస్తోంది. మీ ఆట, రౌనో. మీరూ మీ స్నేహితుడూ కలిసి చేసింది. అది వచ్చిన రోజు నుంచీ ఒక్కసారి కిందికి దిగి చూడనైనా చూడలేదు మీరు."

"నాది కాబట్టే చెబుతున్నాను. దాన్ని వదిలెయ్." అతను కప్పు బల్ల మీద పెట్టాడు. పెట్టేటప్పుడు కాఫీ కాగితాల మీద ఒలికింది. "శుక్రవారం నీ ఉద్యోగం ఉత్తర్వు మీద సంతకం పెట్టాలి నేను. పెడతాను. భయపడకు."

భయపడకు అనే మాట అంత భయపెడుతుందని హిల్కాకు ఆ రోజే తెలిసింది. అది దయో బెదిరింపో తేల్చుకోలేక, తల ఊపి మెట్లు దిగి వచ్చేసింది.

పాత యంత్రాలుండే గది నేలకు కింద, ఒకప్పుడు మిల్లువాళ్లు రంగు పీపాలు పెట్టుకున్న చోట ఉంది. కిటికీలు లేవు. హిల్కా బల్ల ముందు కూర్చుని, బూజు పట్టింది, బూజు పట్టిందండీ, అని నోట్లో నోట్లో అనుకుంటూ సాధన చేసింది. 

పదికి పన్నెండు నిమిషాల ముందే తలుపు తోసుకుని తైమి వచ్చింది. ఊరి బస్సు నడిపే మనిషి, ఒంటి మీద ఇంకా ఆ నీలం కోటే ఉంది. చేతిలో కాగితం సంచీ, దాంట్లోంచి యాలకుల రొట్టె వాసన.

"పన్నెండు నిమిషాలు ముందొచ్చాను, చూశారా? మా డిపోలో చెబితే ఒక్కడు నమ్మడు," అంది సంచీ బల్ల మీద పెడుతూ. "నా తర్వాతి బస్సు పదీ నలభైకి. మా అన్నయ్యకు ఈ రొట్టె పిచ్చి. ఎందుకు తెచ్చానో నాకే తెలీదు. మనమే తినాలి ఇక."

"కూర్చోండి," అంది హిల్కా.

తైమి కూర్చోలేదు. "రాత్రంతా నిద్ర లేదండీ. నవ్వకండి, భయమేసింది. వాడు పోయేనాటికి నాకు ఆరేళ్లు. వాడి గొంతు గుర్తులేదు. ముఖం కూడా ఫొటోలో చూసిందే గుర్తు. వాడి చొక్కాలు అమ్మ ఎవరికో ఇచ్చేసింది. వాడు స్వయంగా తన వేళ్లతో కొట్టినది ఏదైనా ఇంకా ఈ భూమ్మీద ఉందంటే అదొక్కటే. చూశాక ఏడుస్తానేమోనని భయం. ఏడుపు రాకపోతే ఎలాగని ఇంకో భయం."

 తైమి హిల్కా ముఖంలోకి చూసి ఆగింది.

"ఏమైంది? పాడైపోయిందా?"

అదీ అవకాశం. తల ఒక్కసారి ఊపితే చాలు, అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు. తైమి తనంతట తనే సర్దుకోవడం మొదలుపెట్టింది.

"పోనీలెండి. పాతది కదా. ముప్పై మూడేళ్లు ఒక డబ్బాలో పడి ఉంది. మీరు మాత్రం ఏం చేస్తారు?" అంటూ నవ్వబోయింది. కింది పెదవి మాట వినలేదు.

ఆ పెదవిని చూసి హిల్కా సాధన చేసినదంతా మరిచిపోయింది.

"పాడవలేదు. నేను పాడుచేశాను."

"అంటే?"

"ఆట బాగానే ఉంది. నేను ఆడాను. ఓడిపోతే పేరు అడిగింది, కొట్టాను. రాయకుండా అడ్డుపెట్టే మీటను తప్పు వైపుకి జరిపాను. నా పేరు పడ్డ చోట ఉన్న పేరు పోయింది. పదో వరుస. తిరిగి రాదు. నాది బుద్ధి తక్కువ పని. మీకు బూజు పట్టిందని చెబుదామనుకున్నాను, అది కూడా మీరు తెలుసుకోవాలి."

రౌనో పేరు మాత్రం ఆమె ఎత్తలేదు.

 తైమికి కోపం రావడానికి కొంచెం టైము పట్టింది, కానీ వచ్చింది.

"నీ పేరా? మా అన్నయ్య పేరు కొట్టేసి నీ పేరు రాసుకున్నావా?"

"అవును."

"దాచిపెట్టడమేగా తల్లీ నీ పని! అందుకేగా జీతం ఇస్తున్నారు? రౌనో వాళ్లమ్మ పోయాక ఇంటి సామానంతా వాకిట్లో పెట్టి అమ్ముతుంటే, వాన పడుతుంటే, ఒక తడి అట్టపెట్టెలో దొరికింది నాకది. వాన ఏం చెయ్యలేదు దాన్ని! ఎలుకలు ఏం చెయ్యలేదు! చదువుకున్నదానివి, చేతికి తొడుగులేసుకుని మరీ చెరిపేశావు!"

"నిజమే."

"నిజమే అంటావేమిటి? ఏదో ఒకటి అడ్డం చెప్పు! తిట్టడానికైనా వీలుండాలిగా!"

 హిల్కా కళ్లు తుడుచుకుంది. తైమి సంచీ చేతిలోకి తీసుకుంది, తలుపు దాకా వెళ్లింది, మళ్లీ వెనక్కి తిరిగి వచ్చింది.

"చూపించు."

"ఏం చూపించను?"

"నీ పేరే. మా అన్నయ్య కుర్చీలో నువ్వెలా కూర్చున్నావో చూసి పోతాను."

హిల్కా ఫ్లాపీ తీసి, మూలన చిల్లు తెరిచే ఉందని మూడుసార్లు చూసుకుని, యంత్రంలో పెట్టింది. గరగరలాడింది. తెర మీద పచ్చ శాలువా ముసలమ్మ మంచుబండి తోసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి పోయింది. పోతూ పోతూ చూసేవాళ్ల వైపు తిరిగి నాలుక బయటపెట్టింది. తైమి అనుకోకుండా ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

తర్వాత పట్టీ వచ్చింది. నల్లటి తెర మీద పది వరుసలు. ఒక్కో వరుసలో పేరు, స్కోరు, తేదీ, టైము. మొదటి అయిదూ రౌనోవే. ఆరులో ఎవరో పెక్కా. అడుగున హిల్కా.

తైమి అడుగు నుంచి పైకి చదువుకుంటూ వచ్చింది. ఏడో వరుస దగ్గర ఆగిపోయింది.

"కీస్కి," అంది.

"ఆ కుర్రాడెవరో మాకు తెలీదు," అంది హిల్కా. "స్నేహితుడెవరైనా అయి ఉంటాడు."

"మా అన్నయ్యే."

"ఏమిటీ?"

"కీస్కి అంటే ఆ ముళ్ల చేప ఉంటుంది కదా, వలకి పడితే విసుక్కుని అవతల పారేస్తారు. వాడు అంత సన్నగా, ముట్టుకుంటే గుచ్చుకునేలా ఉండేవాడని అమ్మమ్మ అలా పిలిచేది. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలీదు. ఇది వాడే! వాడు పైకి ఎక్కాడు!" తైమి తెర మీద వేలు పెట్టి ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా తాకింది. "పొద్దున పదో స్థానం అన్నాడు, తర్వాత మళ్లీ ఆడి ఏడుకి ఎక్కాడు. వీడు పోలేదు. నువ్వు చెరిపింది వీణ్ణి కాదు!"

హిల్కా కిందే కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. తైమి కూడా ఏడుస్తోంది, ఏడుపు రాదేమోనన్న భయం తీరిపోయింది. తిట్టిన నోటితోనే రొట్టె ముక్క తుంచి హిల్కా చేతిలో పెట్టి, "తిను, తిను, చచ్చేలా ఉన్నావు," అంది. ఒక నిమిషం ఆ గదిలో ఇద్దరు ఆడవాళ్లు ఉత్తి పుణ్యానికి సుఖపడ్డారు.

తర్వాత తైమి ఆ వరుసను పూర్తిగా చదివింది. "కీస్కి. నాలుగు వేల రెండు వందలు. పదిహేడు, మూడు, తొంభై రెండు." ఆగింది. "దీని పక్కన ఉన్నదేమిటి?"

"టైము. రాత్రి తొమ్మిదీ నలభై."

తైమి చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

"కాదు," అంది. "అది తప్పు."

"ఏం?"

"పదిహేడునే వాడు పోయాడు. సాయంత్రం ఆరింటికి మంచుబండి తోసుకుంటూ సరస్సు మీద అవతలి ఒడ్డుకు బయలుదేరాడు. ఆరున్నరకల్లా, సరస్సు ఇరుకయ్యే దగ్గర, మంచు కింద నీళ్లు పారే చోట, అది విరిగి పోయాడు. పోలీసులు రాసింది అదే. మేము ముప్పై మూడేళ్లుగా కొవ్వొత్తి వెలిగించేది ఆరున్నరకే. తొమ్మిదీ నలభైకి వాడు ఆటెలా ఆడతాడు?"

హిల్కా లేచి తెర దగ్గరికి వచ్చింది. భయం మళ్లీ మొదలైంది, ఈసారి ఉద్యోగం గురించి కాదు. "గడియారం తప్పు చూపించి ఉంటుంది," అంది, అంటూనే తన మాట తనే నమ్మలేదు. "నా వరుస చూడండి. ఒకటి, ఒకటి, డెబ్భై ఎనిమిది. మా యంత్రంలో బ్యాటరీ కారి పాడుచేస్తుందని పీకేశాం. బ్యాటరీ లేకపోతే వీటికి ఎప్పుడూ ఆ తేదీయే పడుతుంది. దీనికి తొంభై రెండు పడిందంటే ఆ యంత్రంలో గడియారం నడుస్తోందనే కదా. మిగిలిన తేదీలు చూడండి, అన్నీ ఆ చలికాలానివే."

"ఆరో వరుస, ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. మా వీధి పెక్కా పుట్టినరోజది. సరిగ్గానే ఉంది," అంది తైమి మెల్లగా.

"అప్పట్లో ఆ యంత్రం ఎక్కడుండేది?"

"ఎక్కడుంటుంది? మాకు కొనే స్తోమత ఎక్కడిది? రౌనో వాళ్లింట్లోనే. అవతలి ఒడ్డున. అమ్మమ్మ ఇంటి పక్కిల్లే. నేను ఆ వారమంతా అమ్మమ్మ దగ్గరే ఉన్నాను, మర్నాటి నుంచీ నాకు ఒళ్లు తెలియని జ్వరమట, ఏదీ గుర్తులేదు." ఆమె మళ్లీ ఆ తేదీ వంక చూసింది. "ఇల్మో ఆ రోజు తమ ఇంటికి రానే లేదని రౌనో పోలీసులకి చెప్పాడు. అమ్మ ముందు ఏడుస్తూ చెప్పాడు. ఎదురుచూశాను, రాలేదు, అన్నాడు."

హిల్కాకు పొద్దున్న రౌనో గదిలో విన్న మాటలన్నీ ఒక్కసారిగా చెవిలో మోగాయి. పదోదేనా, కచ్చితంగా పదోదేనా. బూజు పట్టిందని చెప్పు. దాన్ని వదిలెయ్. ఆ పొడుగాటి ఊపిరి కోపం అనుకుంది తను. కోపం వచ్చినవాడు అలా ఊపిరి వదలడు, గండం గడిచినవాడు వదులుతాడు. 

"తైమీ, ఫ్లాపీ తీసేద్దాం. పైకి పోదాం. ఎవరికైనా చెబుదాం."

"ఎవరికి?" అన్నాడు రౌనో.

తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఇద్దరూ గమనించలేదు. లోపలికి వచ్చి తలుపు మూశాడు. గడియ పడ్డ చప్పుడుకి హిల్కా తలుపు వైపు తిరిగింది. ఈ గదికి కిటికీ లేదు, ఉన్నది ఆ ఒక్క తలుపే.

తైమి మాత్రం అతని వైపు రెండడుగులు వేసింది. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి, ఆమె దగ్గర భయం కన్నా కోపమే ముందు.

"రౌనో. ఆ రోజు మా అన్నయ్య మీ ఇంటికి వచ్చాడా?"

అతను తెర వైపు చూశాడు.  నలభై తొమ్మిదేళ్ల మనిషి ముఖంలోంచి పదహారేళ్ల కుర్రాడెవరో తొంగి చూసినట్టయింది హిల్కాకు.

"వచ్చాడు," అన్నాడు.

"ముప్పై మూడేళ్లు!" తైమి గొంతు గోడలకు కొట్టుకుంది. "మా అమ్మ ప్రతి క్రిస్మస్‌కీ నీకు ఉన్ని చేతితొడుగులు అల్లి పంపింది కదరా! నా కొడుకు స్నేహితుడని! నువ్వు తొడుక్కుని తిరిగావు! ఏం చేశావు వాణ్ణి? పోట్లాడుకున్నారా? నెట్టావా?"

"నేనేమీ చెయ్యలేదు."

"మరి ఎందుకు అబద్ధం చెప్పావు?"

రౌనో యంత్రం వైపు కదిలాడు. హిల్కా తనకు తెలియకుండానే వెళ్లి బల్లకు అడ్డంగా నిలబడింది. పక్కకు జరగలేదు. పొద్దున ఒక వరుస పోగొట్టింది, రెండోది పోనివ్వదు. ఉద్యోగం పోతే పోనీ.

"దాన్ని ముట్టుకోకండి రౌనో."

"ముట్టుకోను," అన్నాడతను అలిసిపోయినట్టు. రెండు చేతులూ ఎత్తి చూపించి, పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. "ముట్టుకోవాల్సిన పని తీరిపోయింది హిల్కా, నువ్వు పొద్దున్నే తీర్చేశావు. ఆ ఒక్క వరుస పోతే చాలని ముప్పై మూడేళ్లు కోరుకున్నాను. పోయిందని నువ్వు చెబితే దేవుడు కరుణించాడనుకున్నాను. ఇక ఎవరికీ చెప్పనక్కర్లేదనుకున్నాను. కానీ ఇదిగో, ఈ పిల్ల నేనే వాణ్ణి చంపానని చూస్తోంది."

"ఏ వరుస?" అంది తైమి. "వాడి వరుస ఇక్కడే ఉందిగా!"

"పదోది. తొమ్మిదీ నలభైకి ఇల్మో ఆట అయిపోయింది. దాని తర్వాత ఇంకో ఆట జరిగింది. తొమ్మిదీ యాభై రెండుకి. ఆడినవాళ్లకు కీబోర్డు మీటలు కూడా అందేవి కావు. ఇల్మో ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేళ్లు పట్టుకుని ఆడించాడు. పేరు కూడా ఒక్కో అక్షరం చూపించి కొట్టించాడు."

"ఎవరి పేరు?"

రౌనో ఆమెను చూడలేక తెర వంక చూస్తూ చెప్పాడు.

"నీదే తైమీ. అమ్మమ్మ నిద్రపోయాక మా ఇంటికి వచ్చేశావు. ఇంకో ఆట కావాలని ఏడిచావు, ఇల్మో కసిరాడు. మేము చూసుకోలేదు, అలిగి చీకట్లో ఒక్కదానివే బయటికి వెళ్లిపోయావు. వాడు మళ్లీ మంచు మీదికి వెళ్లింది నిన్ను వెతకడానికే."